చేతసాయం, మాటసాయం: ఇవ్వాళ్టి సంతోషం ఇవ్వాళే దొరికే చిన్న పనులు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో దేవరకొండ బస్టాండులో దిగిన మనిషికి చల్లటి నీళ్ల గ్లాసు అందిస్తే రెండు గుక్కలు తాగి ఆగుతాడు. ఊపిరి తీసుకుంటాడు. మళ్లీ తాగుతాడు. ఆ ఆగినప్పుడు అతని మొహం చూశారా, ఈ విద్య మీకు సగం వచ్చినట్టే. చూడకుండా "తర్వాత ఎవరు?" అని పక్కకు తిరిగితే పుణ్యం దక్కుతుందేమో గానీ సంతోషం దక్కదు.

మన దగ్గర పొలం పనులకు బదుళ్లు పోవడం అందరికీ తెలిసిందే. ఇవ్వాళ వాళ్ల నాటుకు మనం పోతే రేపు మన కలుపుకు వాళ్లొస్తారు. మంచి పద్ధతి, ఊళ్లు దాని మీదే నిలబడ్డాయి. కానీ బదులులో లెక్క ఉంటుంది, లెక్క ఉన్నచోట మనసు రేపటి మీద ఉంటుంది. చేతసాయం, మాటసాయం అట్లా కాదు. తిరిగి రావలసింది ఏమీ లేదు కాబట్టి చూడవలసింది ఎదురుగా ఉన్న మనిషినే. కింద చెప్పినవన్నీ అట్లాంటి పనులు. చాలావరకు పావుగంటలో అయిపోతాయి, జేబుకు బరువు కావు. సరిగ్గా చేయకపోతే మాత్రం ఎదుటివాళ్లకు ఇబ్బంది, మనకు విసుగు మిగులుతాయి. అందుకే ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాం.

ఏ పని ఎంచుకోవాలి

ఇవ్వాళే మొదలై ఇవ్వాళే అయిపోవాలి. దాని ఫలితం మన కంటి ముందే కనబడాలి. ఒళ్లు అలసిన రోజున కూడా చేయగలిగేంత చిన్నదై ఉండాలి. ఒక పిల్లను డిగ్రీ దాకా చదివించడం గొప్ప పనే, చేయగలిగితే చేయండి. కానీ దాని సంతోషం ఏళ్ల తర్వాత అందుతుంది, మధ్యలో ఫీజు గడువుల ఆందోళనే ఎక్కువ. మనం చూస్తున్నది ఈ పూట సంగతి.

మనసు ఈ పూటలో నిలవడం ఎంత కష్టమో 2010లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ పరిశోధకులు మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ లెక్కగట్టారు. 2,250 మందిని ఫోన్‌లో వేళాపాళా లేకుండా పలకరించి "ఇప్పుడేం చేస్తున్నారు, దేని గురించి ఆలోచిస్తున్నారు, ఎట్లా ఉన్నారు?" అని అడిగారు. 46.9 శాతం సార్లు చేతిలో పని ఒకటి, మనసులో ఆలోచన ఇంకొకటి. అట్లా మనసు ఎటో పోయినప్పుడు సంతోషం తక్కువగా ఉన్నట్టు కూడా తేలింది. చిన్న సాయం ఇక్కడే పనికొస్తుంది. వణుకుతున్న ముసలి చేతికి నిండు గ్లాసు అందించేటప్పుడు మనసు ఎటూ పోదు, పోతే నీళ్లు ఒలుకుతాయి.

ఎన్ని చేయాలి, ఎప్పుడు చేయాలి అంటే, మనస్తత్వ శాస్త్రవేత్త సోనియా ల్యూబోమిర్‌స్కీ బృందం 2005లో అచ్చువేసిన ఒక పరిశోధన ఉంది. ఆరు వారాల పాటు వారానికి ఐదు మంచి పనులు చేయమన్నారు. ఐదూ ఒకే రోజు చేసినవాళ్లలో సంతోషం పెరిగింది, వారమంతా పలచగా పరిచిన వాళ్లలో ఆ తేడా కనబడలేదు. రోజుకొకటి చొప్పున చేస్తే అది మామూలు దినచర్యలో కలిసిపోయి మనకే గుర్తుండదు కాబోలు. మన వైపు దీనికి చక్కగా సరిపోయేది అంగడి రోజు. మీ ఊరికి ఏ వారం అంగడి అయితే ఆ రోజే పెట్టుకోండి. ఊళ్లో జనం ఉంటారు, మోయాల్సిన సంచులు ఉంటాయి, చిల్లర దొరకనివాళ్లు, బస్సు తప్పినవాళ్లు ఉంటారు. ఐదు పనులు వెతుక్కోనక్కర్లేదు, ఎదురొస్తాయి.

డబ్బు ఎంత పెట్టాలన్న బెంగ వద్దు. 2008లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ డన్, ఆమె తోటివాళ్లు కొందరికి 5 డాలర్లు, కొందరికి 20 డాలర్లు ఇచ్చి సాయంత్రం 5 గంటల్లోపు ఖర్చు పెట్టమన్నారు. ఎదుటివాళ్ల కోసం ఖర్చు పెట్టినవాళ్లే ఎక్కువ సంతోషంగా కనబడ్డారు, చేతిలో ఉన్నది ఐదా ఇరవయ్యా అన్నది తేడా చూపలేదు. మన లెక్కలో ఒక చాయ్ చాలు.

పిలుపు దగ్గరే సగం పని

సాయం చేయబోయి మనిషిని చిన్నబుచ్చేది చాలాసార్లు పిలుపే. "ఓ ముసలమ్మా" అని ఒకరు, మరీ మర్యాదగా "మేడం" అని ఒకరు. రెండూ అతకవు. ఊరి మనిషైతే అవ్వా, తాతా, పెద్దమ్మా, కాకా అని వరస కలపండి. పట్నం బట్టల్లో కొత్తగా కనబడితే అక్కా, అన్నా అని మొదలుపెట్టి మీరు అనండి. ఆ పిలుపు తర్వాత వెంటనే సంచి మీద చేయి వేయొద్దు. "జర పట్టుకోమంటావా అవ్వా?" అని అడిగి, ఆమె చేయి వదిలేదాకా ఆగాలి. సంచిలో ఏముందో ఆమెకు తెలుసు, మనకు తెలియదు. పింఛను పైసలే ఉండొచ్చు.

"వద్దు బిడ్డా" అంటే ఒక్కసారికే ఆగిపోండి. మళ్లీ బతిమాలితే అది సాయం కాదు, మన ముచ్చట తీర్చుకోవడం.

మందుల సంచి సర్దిపెట్టడం

పక్కింట్లో బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే అన్నిటికన్నా పనికొచ్చే చేతసాయం ఇదే. పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు ముంబై, భివండీ, పుణెలకు వలస పోయిన పిల్లల తల్లిదండ్రులు ఇంటికొకరు ఉంటారు. చదువు రాదు, స్ట్రిప్పుల రంగులే గుర్తు. అరగంట కూర్చుంటే చాలు. కావలసినవి డాక్టరు రాసిన చీటీ, చెరగని మార్కర్ పెన్ను, అంటించే తెల్ల కాగితం టేపు, మూడు చిన్న డబ్బాలు.

ముందు మందులన్నీ చాప మీద పరిచి చీటీతో ఒక్కొక్కటే సరిచూడండి. ఒక్కో స్ట్రిప్పు మీద టేపు అంటించి బొమ్మ గీయాలి. కొండ మీద పొడుస్తున్న సూర్యుడు అంటే పొద్దున, నడినెత్తి సూర్యుడు అంటే మధ్యాహ్నం, నెలవంక అంటే రాత్రి. తినక ముందు వేసుకోవాల్సినదైతే ఖాళీ పళ్లెం, తిన్నాక అయితే అన్నం కుప్ప ఉన్న పళ్లెం. అక్షరాల కన్నా ఇవి నిలుస్తాయి. రేకు మీద నేరుగా గీస్తే చెమట చేతులకు రెండు రోజుల్లో చెరిగిపోతుంది, టేపు అందుకే. గీశాక మనం చెప్పడం కాదు, అవ్వనే చెప్పమనాలి: "ఇది ఎప్పుడేసుకుంటవ్?" తప్పు చెబితే బొమ్మ మార్చండి, అవ్వను కాదు.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. మందుల దుకాణంలో పాత కంపెనీది లేక అదే మందు ఇంకో కంపెనీది ఇస్తారు. పేరు వేరు, రంగు వేరు. అవ్వ దాన్ని కొత్త మందు అనుకుని, ఇంట్లో మిగిలిన పాతదీ ఇదీ రెండూ వేసుకుంటుంది. అంటే ఒకే మందు రెండింతలు. బీపీ మాత్రలు అట్లా పడితే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. అందుకే స్ట్రిప్పు మీద పెద్ద అక్షరాల పేరు కాకుండా దానికి పైనో కిందో చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు అన్నది చూడాలి. రెండు స్ట్రిప్పుల మీద ఒకటే ఉంటే రెండూ ఫార్మసిస్టుకు చూపించి, ఒకటే బయట ఉంచండి.

మాత్రలు విడిగా తీసి డబ్బాలో పోయొద్దు. పూటకో డబ్బా పెట్టి స్ట్రిప్పుతోనే ఉండనివ్వండి. గడువు తేదీ స్ట్రిప్పుకు ఒక చివరన అచ్చేసి ఉంటుంది కాబట్టి రెండో చివర నుంచి వాడమని చెప్పాలి. కత్తెరతో ముక్కలు చేసేవాళ్లు తేదీ ఉన్న ముక్కే ముందు పారేస్తుంటారు. మోతాదు పెంచడం, ఆపడం, "మా ఇంట్లో ఇది పడింది" అని ఇంకోటి ఇవ్వడం మన పని కాదు. మన పని బొమ్మ గీయడం దాకానే.

లేచే ముందు వలస పోయిన బిడ్డకు ఫోన్ కలిపి ఇవ్వండి. వీడియో కాల్ అయితే కెమెరా పట్టుకునేది మనమే అవుతాం కాబట్టి గడప దాటి పక్కకు పోవడం కుదరదు. కుదరకపోయినా మధ్యలో మాట కలపొద్దు. పది నిమిషాలు గోడ చూస్తూ ఊరికే ఫోన్ పట్టుకుని నిలబడటం, రోజంతా ఏదో ఒకటి చేస్తూ ఉండేవాళ్లకు కష్టమైన పనే.

బస్టాండులో

తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ పైసలు లేవు. అంతకు ముందు ఊరు కదలని పెద్దవాళ్లు కూడా ఇప్పుడు కల్వకుర్తి, మిర్యాలగూడ అంటూ బయల్దేరుతున్నారు. బోర్డు చదవలేరు, అడిగితే ఒక్కొక్కరు ఒక్కో దిక్కు చూపిస్తారు. మాటసాయం కావలసింది ఇక్కడే.

"అగో ఆ బస్సు" అని చేయి చూపి వదిలేయొద్దు. ముందు ఏ ఊరి బస్సో కాదు, సరిగ్గా ఎక్కడ దిగాలో అడగండి. అచ్చంపేట పోవాలన్న అవ్వకు నిజంగా కావలసింది దారిలో ఒక గేటు కావచ్చు, ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగకపోవచ్చు. ప్లాట్‌ఫాం దాకా నడిచిపోయి, బస్సు ఎక్కించి, కండక్టర్‌తో ఆమె ముందే చెప్పండి: "అన్నా, ఈ అవ్వను ఫలానా స్టేజీల దించు." సున్నా టికెట్‌కు ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపాలి, అది సంచి అడుగున మూటలో ఉంటుంది. ఎక్కక ముందే తీసి చేతిలో పట్టుకోమంటే బస్సులో అంత మంది మధ్య వెతుక్కునే గాభరా తప్పుతుంది. ఇంత చిన్న మాట ఎవరూ చెప్పరు.

బ్యాంకు, పోస్టాఫీసు, ఏటీఎం

డబ్బు దగ్గర సాయం చేసేవాళ్లు రెండు చేతులూ అందరికీ కనబడేలా పెట్టుకోవాలి. విత్‌డ్రాయల్ ఫారం రాసిపెడితే అంకె, అక్షరాలు రెండూ పైకి చదివి వినిపించాకే వేలిముద్ర వేయించండి. పైసలు కౌంటర్ ముందే ఆమె చేతికి, ఆమెతోనే లెక్కపెట్టించాలి. లెక్క రాకపోతే నోటు నోటు టేబుల్ మీద పెట్టి గట్టిగా పలకండి. పాస్‌బుక్ "నా దగ్గరుంచుతా" అనే మాటే రానివ్వొద్దు.

వేలిముద్ర పడకపోవడం కూలి పని చేసిన చేతులకు మామూలే. గీతలు అరిగిపోతాయి, బీడీలు చుట్టిన వేళ్లయితే మరీ. సబ్బుతో కడిగి బాగా తుడవండి. మరీ ఎండిపోయిన వేలైతే కాస్త తడి తగిలించి తుడిచి మళ్లీ పెట్టించండి. ఆధార్‌లో పది వేళ్లూ నమోదై ఉంటాయి కాబట్టి బొటనవేలే అని పట్టుబట్టొద్దు, ఉంగరపు వేలు పడొచ్చు. ఏటీఎం దగ్గరైతే కార్డు ఆమె చేతిలోనే ఉండాలి, నంబరు ఆమే నొక్కాలి, మనం అటు తిరిగి నిలబడాలి. నంబరు మనకు చెప్పబోతే ఆపి, "నాకు చెప్పొద్దు, ఎవరికీ చెప్పొద్దు" అనండి. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అయినా అంతే. ఇంత జాగ్రత్త ఎందుకంటే, మీరు మంచివాళ్లే కావచ్చు, కానీ మీ తర్వాత వచ్చేవాడు మీరు నేర్పిన అలవాటునే వాడుకుంటాడు.

చెత్త బండి, ఎవరూ చూడని సాయం

పారిశుధ్య కార్మికుల చేతులు తెగేది మన ఇంటి గాజు పెంకులకే. పగిలిన గాజును నాలుగు పొరల పేపర్‌లో చుట్టి, దారం కట్టి, బండి వచ్చినప్పుడు "అన్నా, ఇందులో గాజు ఉంది" అని చేతికే ఇవ్వండి. షుగర్ ఇంజెక్షన్ సూదులు, బ్లేడ్లు మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి, నిండాక మూత బిగించి వేరుగా ఇవ్వాలి. ప్యాడ్లు, డైపర్లు కాగితంలో చుట్టి ఎర్ర గుర్తు పెడితే చేయి పెట్టి విప్పరు. తడి, పొడి చెత్త వేరు చేయడం ఎట్లాగూ చెప్పేదే. దీనికి ఎవరూ దండం పెట్టరు, ఫోటో కూడా దిగలేం. ఒంటరిగా సంతోషపడటం నేర్చుకోవాలంటే ఇంతకన్నా మంచి పని దొరకదు.

ఇంట్లో అయితే ఒక్కటే: వండినామెకు ముందు వడ్డించండి. సర్వపిండి పెనం మీది నుంచి దిగిన వేడిలో మొదటిది ఆమె తినాలి. మొదటిరోజు "నాకెందుకు, మీరు తినుండ్రి" అంటుంది. ఆ రోజుకు ఊరుకుని, రేపు మళ్లీ పెట్టండి. పైన చెప్పిన ఒక్కసారికే ఆగే నియమం ఇంటివాళ్లకు వర్తించదు.

మిగిలిన వంట పంచే ముందు

పెళ్లిలో మిగిలిందని సాయంత్రం అన్నం పట్టుకుని ప్రభుత్వ దవాఖాన ముందుకు పోయేవాళ్లు గడియారం చూసుకోవాలి. వండిన అన్నం, కూర మామూలు వేడిలో బయట రెండు గంటలకు మించి ఉంటే పంచొద్దు, 32 డిగ్రీలు దాటిన ఎండలో గంట చాలు చెడటానికి. అన్నంలో పెరిగే కొన్ని క్రిములు వదిలిన విషం మళ్లీ వేడి చేసినా పోదు. పెరుగన్నం, పప్పు కలిపినది మరీ తొందరగా పోతాయి. మీరు తినడానికి వెనకాడేది ఇంకొకరికి పెట్టొద్దు. రోగి తోడు వచ్చినవాళ్లకైతే అన్నం కన్నా ఫ్లాస్కులో వేడి నీళ్లు, ఒక ఫోన్ ఛార్జర్, ఓపీ చీటీ కౌంటర్ దాకా తోడు నడవడం ఎక్కువ పనికొస్తాయి.

నలుగురు కలిస్తే చలివేంద్రం

ఒక్కరు చేసేవి అయ్యాయి. ఎండకాలం నలుగురైదుగురు కలిసి చేయగలిగినది చలివేంద్రం. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువగా చెడిపోయేదీ ఇదే. ఉగాదికి రిబ్బన్ కత్తిరించి ఫోటోలు దిగుతారు, పదో రోజుకు కుండ బోర్లా పడి ఉంటుంది. ఖాళీ చలివేంద్రం అసలు లేనిదానికన్నా చెడ్డది. అక్కడ నీళ్లుంటాయని నమ్మి పక్క దుకాణంలో అడగకుండా వచ్చిన మనిషి ఉత్త కుండలో చేయి పెడతాడు.

చోటు చూసేది మధ్యాహ్నం మూడు గంటలకు, పొద్దున కాదు. పొద్దున నీడగా కనబడిన చోట పడమటి ఎండ సూటిగా పడుతుంది. వేప కిందో రావి కిందో తూర్పు పక్కన పెడితే మధ్యాహ్నం నీడ నిలుస్తుంది. మురికి కాలువకు దూరంగా, దుకాణం దారికి అడ్డం లేకుండా ఉండాలి. పంచాయతీకి, పక్క దుకాణదారుకు ఒక మాట చెప్పండి. ఆ దుకాణదారే రేపు కుండ ఖాళీ అయిందని మీకు ఫోన్ చేసేది.

లెక్క ఇట్లా వేసుకోండి. ఒక గ్లాసు పావు లీటరు. ఎండన పడి వచ్చినవాళ్లు ఒకటితో ఆగరు, ఒకటిన్నర వేసుకోండి. 20 లీటర్ల రంజన్, అంటే పెద్ద మట్టి కుండ, యాభై మందికి వస్తుంది. రెండు రంజన్లు పెట్టి పొద్దున, పదకొండున్నరకు, రెండున్నరకు మూడుసార్లు నింపితే దాదాపు మూడు వందల మంది తాగుతారు. ఒక మాదిరి బస్సు స్టేజీకి ఇది చాలు.

కొత్త రంజన్‌ను ఒక పూటంతా నీళ్లలో నానబెట్టి, మొదటి రెండుసార్లు నింపిన నీళ్లు చెట్టుకు పోయండి, మట్టి వాసన పోతుంది. బయట రంగు వేయొద్దు. కుండ చల్లబరిచేది దాని సన్నటి రంధ్రాల గుండా ఊరిన తడి గాలికి ఆరిపోతూ వేడిని లాక్కుపోవడం వల్ల. రంగు ఆ రంధ్రాలను మూసేస్తుంది, అందంగా ఉండి గోరువెచ్చటి నీళ్లు ఇస్తుంది. ఇటుకల మధ్య జానెడు ఇసుక పోసి తడిపి, దాని మీద కుండ కూర్చోబెట్టి, తడి గోనెపట్ట చుట్టండి. చుట్టూ గాలి ఆడాలి, మూడు పక్కలా ఫ్లెక్సీ కట్టేస్తే గాలి ఆగి చల్లదనం సగం పోతుంది. కుండకు బయట చెమట పట్టిందంటే పని చేస్తున్నట్టు.

రోజూ పొద్దున పాత నీళ్లు పారబోసి కొబ్బరి పీచుతో లోపల తోమాలి. సబ్బు వద్దే వద్దు, మట్టి దాన్ని పీల్చుకుని వారం రోజులు వాసన ఇస్తుంది. కొన్ని వారాలకు బయట తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. చల్లదనం తగ్గడానికి అదే కారణం, బయట కూడా పీచుతో రుద్దండి. మూత తప్పదు. ముంచడానికి పొడుగు కాడ ఉన్న గరిటె ఒకటి వేరుగా వేలాడదీయాలి, తాగే గ్లాసు కుండలో మునగకూడదు. కుళాయి ఉన్న రంజన్ దొరికితే ఈ గొడవే ఉండదు.

ఏ నీళ్లు పోస్తున్నారన్నది నల్లగొండ వాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ చెప్పాలి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎముకలను వంచిన తరాలు కళ్ల ముందే ఉన్నాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. రంగు, వాసన ఉండవు కాబట్టి చూసి చెప్పలేం. మరగబెడితే పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. దగ్గరగా ఉందని బోరు పైపు పెట్టకండి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టి పోయండి.

మజ్జిగ ఇవ్వాలనుకుంటే లీటరు పెరుగుకు నాలుగైదు లీటర్ల నీళ్లు, ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు. స్టీలులోనో మట్టిలోనో కలపాలి, రాగి, ఇత్తడి, అల్యూమినియం పనికిరావు. రెండు గంటల్లో అయిపోయేంతే చేయండి.

గ్లాసుల దగ్గర ఒక మాట గట్టిగానే చెప్పాలి. మన జిల్లాల్లో చాయ్ దుకాణాల్లో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి నడిచిన కాలం ఎంతో దూరంలో లేదు. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం అది నేరం. చలివేంద్రంలో అదే పద్ధతి మర్యాద వేషంలో వస్తుంది. కొందరికి గ్లాసు చేతికిచ్చి, కొందరికి "దోసిలి పట్టు" అని పైనుంచి పోస్తారు. పోసేవాళ్లకు అది మామూలుగా అనిపించొచ్చు, పట్టేవాళ్లకు అది ఏమిటో తెలుసు. అందరికీ ఒకే గ్లాసులు, అందరికీ చేతికే. అంటు గురించి బెంగైతే అందరూ ఎత్తి పోసుకుని తాగమని బోర్డు పెట్టండి, నియమం అందరికీ ఒకటే కావాలి.

ఎండదెబ్బ తగిలినవాళ్లు వస్తారు, అందుకు ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు ఉంచండి. పెద్ద ప్యాకెట్ సరిగ్గా ఒక లీటరు నీళ్లలోనే, గ్లాసులో కలిపితే మరీ ఉప్పగా అయి మేలుకన్నా కీడు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలవాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతున్నా, స్పృహ తప్పినా నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

వంతులు ఏడు ఇళ్లకు ఏడు రోజులు. దుకాణం గోడ మీద సుద్దతో పేర్లు రాసిపెడితే వాట్సాప్ గ్రూపుకన్నా బాగా పని చేస్తుంది, వంతు ఎవరిదో దారిన పోయేవాళ్లు కూడా అడుగుతారు. పెళ్లో, చావో వచ్చి వంతు తప్పితే ఎవరు నింపాలో ముందే అనుకోండి. ఒక్కరే మీదేసుకుంటే మూడో వారానికి విసుగొస్తుంది, ఆ విసుగు దాహంతో వచ్చినవాళ్ల మీద తేలుతుంది. మీ వంతు రోజున పది నిమిషాలు ఫోన్ దుకాణంలో ఇచ్చి కుండ పక్కన నిలబడండి. గరిటె మునిగిన చప్పుడు, గ్లాసు బయట చేరిన చెమ్మ, తాగినవాళ్లు చేతి వెనకతో మూతి తుడుచుకోవడం, ఇవి చూస్తే చాలు. చికాగోలో అమిత్ కుమార్, నికోలస్ ఎప్లీ అనే పరిశోధకులు మంచు మీద జారే ఒక ఆట మైదానంలో ముక్కూ మొహం తెలియనివాళ్లకు వేడి చాక్లెట్ పానీయం ఇప్పించి చూశారు, 2022లో అచ్చయింది. పుచ్చుకున్నవాళ్లు ఎంత సంతోషిస్తారో ఇచ్చినవాళ్లు తక్కువగానే ఊహించారట. "ఒక గ్లాసు నీళ్లేగా" అని మీకనిపించినప్పుడు అది గుర్తుంచుకోవచ్చు. మొహం ముందు కెమెరా పెడితే మాత్రం తాగేవాళ్లు తొందరగా తాగి పోతారు, మీరు తెరను చూస్తారు. ఫోటో కావాలనుకుంటే కుండకు తీయండి.

పక్కన చెట్టు కొమ్మకు పిట్టల కోసం ఒక మట్టి మూకుడు కట్టండి. రెండు అంగుళాల లోతు చాలు, మధ్యలో ఒక గరుకు రాయి పెడితే పిట్టలకు కాలు ఆనుతుంది. రోజూ నీళ్లు మార్చాలి. వారం వదిలేస్తే డెంగీ దోమలకు మనమే ఇల్లు కట్టినట్టు.

మృగశిర కార్తె, అంటే జూన్ 8 ప్రాంతంలో, మొదటి వానలు పడి నేల చల్లబడ్డాక నాలుగు రోజులు ఆగి తీసేయండి. ఫలానా రోజు నుంచి ఉండదని మూడు రోజుల ముందే గోడ మీద రాయాలి. రంజన్లు తోమి, ఎండలో ఒక పూట, నీడలో రెండు రోజులు ఆరబెట్టి, మూతి కిందికి పెట్టి గడ్డి మీద బోర్లించండి. తడిగా మూసిపెడితే బూజు పడుతుంది. వచ్చే ఉగాదికి మళ్లీ నానబెట్టినప్పుడు వేలితో కొట్టి చూడండి. ఖంగున మోగితే పనికొస్తుంది, బొద్దుగా మోగితే ఎక్కడో సన్నటి పగులు ఉంది, అది మొక్కకు కుండీ అవుతుంది.